లగ్జరీ కాంపాక్ట్ ఎస్‌యూవీ కొంటున్నారా? టెస్ట్ డ్రైవ్ మీ దారిలో, మీ ఇంట్లో వాళ్లతో చేయండి

నేను మొదటిసారి లగ్జరీ కారు టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లినప్పుడు షోరూమ్ వాళ్లు పన్నెండు నిమిషాల్లో తిప్పి తీసుకొచ్చారు. నున్నటి రోడ్డు, రెండు ఎడమ మలుపులు, ఒక యూటర్న్, మళ్లీ షోరూమ్. చల్లటి ఏసీ, మంచి పాట, కొత్త తోలు వాసన. వారం తిరక్కుండా అడ్వాన్స్ ఇచ్చేశాను. కారు ఇంటికొచ్చిన మొదటి ఆదివారం అమ్మ వెనక సీట్లో కూర్చోబోయి డోరు పట్టుకుని ఆగిపోయింది. ఆ సీటు ఎత్తుకు ఆమె మోకాలు సహకరించలేదు. ఆ సాయంత్రమే నలుగురం ఎక్కి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగుతుంటే ర్యాంప్ చివర కింద గీసుకుంది. కారులో లోపం ఏమీ లేదు. నేను నడిపి చూసింది షోరూమ్ ముందున్న రోడ్డు మీద, మేం రోజూ తిరిగేది వేరే రోడ్డు మీద. తేడా అంతా అక్కడే వచ్చింది.

అప్పటి నుంచి బంధువుల్లో, స్నేహితుల్లో ఎవరు ఇలాంటి కారు కొంటున్నా టెస్ట్ డ్రైవ్‌కు నేనూ వెళ్తున్నాను. ఆ అనుభవంతో ఇది రాస్తున్నాను. బీఎండబ్ల్యూ ఎక్స్1, మెర్సిడెస్ బెంజ్ జీఎల్ఏ, ఆడి క్యూ3, వోల్వో ఈఎక్స్40 వంటివి ఈ తరగతి కార్లు. పొడవు సుమారు నాలుగున్నర మీటర్లు, ఎక్స్-షోరూమ్ ధర అటూ ఇటూగా 50 లక్షలు. 50 లక్షల కారు తెలంగాణలో రిజిస్టర్ చేయిస్తే లైఫ్ ట్యాక్సే లక్షల్లో ఉంటుంది. పది లక్షలు దాటిన కారు కాబట్టి ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే డీలరు వసూలు చేసే ఆదాయపు పన్ను), అంటే ఇంకో 50 వేలు. ఈ టీసీఎస్‌ను ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు, చాలామంది మర్చిపోతారు. ఇన్సూరెన్స్ కూడా కలిపితే 60 లక్షలు దాటిపోతుంది. అంత డబ్బు పెట్టే నిర్ణయాన్ని పన్నెండు నిమిషాల్లో తీసుకోకూడదు.

స్టెప్ 1: షోరూమ్‌కు ఫోన్ చేసే ముందు మీ వారం రాసుకోండి

ఒక కాగితం మీద మీ మామూలు వారం రాయండి. ఆఫీసుకు ఎన్ని కిలోమీటర్లు, ఏ దారిలో, అందులో ట్రాఫిక్ ఎంత? నెలకు ఎన్నిసార్లు ఊరికి వెళ్తారు? వెనక ఎవరు కూర్చుంటారు? కారు ఎక్కడ పెడతారు? ఎక్కువగా ఎవరు నడుపుతారు: మీరా, మీ భార్యా, డ్రైవరా?

పెట్రోలా, డీజిలా, ఎలక్ట్రికా అన్నది ఈ కాగితమే తేలుస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్6 కాలుష్య నిబంధనల వల్ల డీజిల్ కార్లలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఉంటుంది, దాన్ని డీపీఎఫ్ అంటారు. ఇంజన్ బాగా వేడెక్కి, కాసేపు ఒకే వేగంతో నడిస్తేనే ఆ మసి కాలి ఫిల్టర్ శుభ్రపడుతుంది. రోజూ కొండాపూర్ నుంచి మాదాపూర్‌కు నాలుగైదు కిలోమీటర్లు ట్రాఫిక్‌లో పాకే కారుకు ఆ అవకాశం రాదు, హెచ్చరిక లైటు వెలుగుతుంది. అదే మనిషి నెలకు రెండుసార్లు రాజమండ్రి వెళ్లొస్తుంటే డీజిల్ హాయిగా ఉంటుంది. ఇది ముందే తేల్చుకుంటే మీకు పనికిరాని ఇంజన్‌తో టెస్ట్ డ్రైవ్ చేసే శ్రమ తప్పుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లు ఎలాగూ ఒక మాట అంటారు: "ఆ డబ్బుకు ఫార్చ్యూనర్ వస్తుంది కదా!" ఆ మాట కొట్టిపారేయకండి. ఫార్చ్యూనర్ ల్యాడర్ ఫ్రేమ్, అంటే నిచ్చెనలాంటి గట్టి చట్రం మీద కట్టిన ఏడు సీట్ల బండి, పొలం గట్ల దాకా వెళ్తుంది. మనం మాట్లాడుకుంటున్నవి మోనోకాక్ బాడీ, అంటే విడిగా చట్రం లేకుండా బాడీయే చట్రంగా పనిచేసే ఐదు సీట్ల కార్లు. నగరానికి, హైవేకు హాయిగా ఉంటాయి కానీ బురదలో దించడానికి కాదు. ఊళ్లో మీ ఇంటికి వెళ్లే దారి ఎలాంటిదో ఆ కాగితంలో తప్పకుండా రాయండి.

స్టెప్ 2: బుక్ చేసుకునేటప్పుడే ఇవి అడగండి

"టెస్ట్ డ్రైవ్ కావాలి" అంటే సరిపోదు. మీరు కొనాలనుకునే ఇంజన్, వేరియంట్ డెమో కారుగా ఉందా అని అడగండి. జీఎల్ఏలో 200 అనేది 1.3 లీటర్ల పెట్రోల్, ముందు చక్రాలతో నడుస్తుంది. 220డీ 4మ్యాటిక్ 2 లీటర్ల డీజిల్, శక్తి నాలుగు చక్రాలకూ వెళ్తుంది. గేర్‌బాక్సులు కూడా వేర్వేరు. డీజిల్ నడిపించి పెట్రోల్ బుక్ చేయించుకుంటే మీరు కొనే కారును మీరు అసలు నడపనట్టే. చక్రాల సైజు కూడా అడగండి. 18 అంగుళాల చక్రాల కారుకూ 19 అంగుళాల కారుకూ గుంతల్లో తేడా బాగా తెలుస్తుంది.

తర్వాత రెండు టైములు అడగండి: పగలు ఒకటి, చీకటి పడ్డాక ఒకటి. కారు ఇంటికి తీసుకురమ్మనండి. ఈ ధర కార్లకు చాలామంది డీలర్లు తెస్తారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం బయట ఉండేవాళ్లు ఇంకా గట్టిగా అడగాలి. కర్నూలులోనో ఖమ్మంలోనో ఉంటే మీకు దగ్గరి సర్వీస్ సెంటర్ ఎక్కడ, కారు దారిలో ఆగితే తీసుకెళ్లేది ఎవరు, ఎంత దూరం వరకు ఉచితం అన్నవి కూడా ఈ ఫోన్‌లోనే తేల్చుకోండి.

మోడల్ గురించీ ఒక మాట. ఇప్పటి ఎక్స్1 తరం ఇక్కడికి 2023 జనవరిలో వచ్చింది. జీఎల్ఏ మార్పులతో 2024 జనవరిలో వచ్చింది. క్యూ3 రెండో తరం 2022 ఆగస్టులో వచ్చింది, మూడో తరాన్ని ఆడి 2025 జూన్‌లో ప్రపంచానికి చూపించింది. మీకు చూపిస్తున్నది ఏ తరమో, కొత్తది ఎప్పుడొస్తుందో సూటిగా అడగండి. పాత తరం మంచి తగ్గింపుతో వస్తే తప్పేం లేదు, కానీ తెలిసి కొనాలి. నేను క్యూ3 గురించి కింద చెప్పినవన్నీ రెండో తరానివి.

స్టెప్ 3: ఆ రోజు పొద్దున మీ పాత కారు నడపండి

ఇది చాలా తేలికైన పని, ఎంతో ఉపయోగం. టెస్ట్ డ్రైవ్‌కు మీరు ఎంచుకున్న దారిలోనే ముందు మీ సొంత కారు నడపండి. ఎక్కడ గుంత ఉంది, ఎక్కడ కారు ఊగుతుంది, ఏ ఫ్లైఓవర్ జాయింట్ దగ్గర దడదడమంటుంది అన్నది శరీరానికి గుర్తుంటుంది. గంట తర్వాత కొత్త కారుతో అదే గుంత దాటితే తేడా వెంటనే తెలుస్తుంది. లేకపోతే 50 లక్షల కారు ఏదైనా బాగుందనే అనిపిస్తుంది.

మామూలుగా వేసుకునే చెప్పులో బూట్లో అవే వేసుకెళ్లండి. లైసెన్స్ తీసుకెళ్లండి, డిజీలాకర్‌లో ఉన్నా చెల్లుతుంది. ఇంట్లో వెనక సీట్లో కూర్చునేవాళ్లను వెంటబెట్టుకోండి. షోరూమ్‌లో ఒక ఫారం మీద సంతకం అడుగుతారు. కారుకు దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది అన్న వాక్యం అందులో ఉంటుంది, చదివాకే సంతకం పెట్టండి.

స్టెప్ 4: స్టార్ట్ చేయక ముందు ఇరవై నిమిషాలు

సేల్స్ ఎగ్జిక్యూటివ్ స్క్రీన్ చూపించడం మొదలుపెడతారు. అది తర్వాత చూడొచ్చు. ముందు అమ్మనో నాన్ననో వెనక సీట్లో కూర్చోబెట్టండి. ఎవరూ సాయం చేయకుండా ఎక్కనివ్వండి, దిగనివ్వండి, రెండుసార్లు. చీర కట్టుకునేవాళ్లు చీరతోనే ఎక్కి చూడాలి, ఎందుకంటే డోరు కింది గడప ఎంత వెడల్పో అప్పుడే తెలుస్తుంది. దిగేటప్పుడు కాలు నేరుగా నేలకు ఆనుతోందా, తల పైన తగులుతోందా చూడండి. సీటు తొడల కింద సరిగా ఆనుతోందా, మోకాళ్లు పైకి లేస్తున్నాయా అన్నది పది నిమిషాలు కూర్చుంటే గానీ తెలియదు.

ముందు సీటును మీ పొడవుకు సరిపెట్టుకున్నాకే వెనక కూర్చుని చూడండి. షోరూమ్‌లో ముందు సీటు బాగా ముందుకు జరిపి ఉంచుతారు, వెనక చోటు ఎక్కువగా కనిపిస్తుంది. క్యూ3లో వెనక సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది, అది ఎక్కడ ఉందో కూడా గమనించండి. ఆ కారులో వెనక చక్రాలకూ శక్తి పంపే క్వాట్రో ఏర్పాటు ఉంది, దాని షాఫ్ట్ కోసం మధ్యలో నేల ఎత్తుగా ఉంటుంది. వెనక ముగ్గురు కూర్చునే కుటుంబమైతే ఆ మధ్య సీట్లో మీరే కూర్చుని చూడండి.

డిక్కీ తెరిచి కింద చాప ఎత్తండి. స్టెప్నీ ఉందా, లేక పంక్చర్ కిట్ మాత్రమే ఇస్తున్నారా? స్టెప్నీ ఉంటే అది మామూలు టైరా, సన్నటి టైరా, డిక్కీలో ఎంత చోటు తింటోంది? కొన్ని కార్లకు రన్‌ఫ్లాట్ టైర్లు వేస్తారు. గాలి పోయినా కొంత దూరం నడుస్తాయి, కానీ వాటి పక్క గోడలు గట్టిగా ఉండటంతో గుంతల్లో దెబ్బ ఎక్కువ తెలుస్తుంది. సంక్రాంతికి ఊరికెళ్లేటప్పుడు మీరు తీసుకెళ్లే పెద్ద సూట్‌కేసు వెంట తెచ్చి పెట్టి చూస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు డ్రైవర్ సీటు. అద్దాలు సరిచేసుకుని మూడు చూడండి: ముందు స్తంభం పక్కనుంచి వచ్చే బైకు కనిపిస్తోందా, వెనక అద్దంలోంచి ఎంత కనిపిస్తోంది, బానెట్ అంచు అంచనాకు అందుతోందా. స్క్రీన్ దగ్గర ఒకే పరీక్ష చాలు: చూపు రోడ్డు వైపే ఉంచి ఏసీ ఒక డిగ్రీ తగ్గించగలరా? ఎక్స్1లో ఏసీ పనులన్నీ స్క్రీన్‌లోకి వెళ్లిపోయాయి, పాత బీఎండబ్ల్యూల్లో ఉండే తిప్పే డయల్ కూడా లేదు. క్యూ3లో ఏసీకి చేతికి తగిలే నాబ్‌లు ఉన్నాయి. జీఎల్ఏలో కూడా బటన్లు ఉన్నాయి. నాకైతే బటన్లే ఇష్టం. బైకులు, ఆటోలు రెండు పక్కలా దూరే మన రోడ్ల మీద చూపు మళ్లించడం ప్రమాదం.

బయల్దేరే ముందు ఇంకొక్క పని: టైర్లలో గాలి. డెమో కార్లలో గాలి ఒక్కోసారి తక్కువగానో ఎక్కువగానో ఉంటుంది, కుదుపు మొత్తం మారిపోతుంది. ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవర్ డోరు పక్క స్తంభం మీద స్టిక్కర్‌లో రాసి ఉంటుంది. డ్యాష్‌బోర్డులో చూపించే అంకెతో పోల్చండి. తేడా ఉంటే దారిలో పెట్రోల్ బంకులో సరిచేయించాకే ముందుకు వెళ్లండి.

స్టెప్ 5: మొదటి రెండు కిలోమీటర్లు చెయ్యి అలవాటు కావడానికి

మారుతి, హ్యుందాయ్ నడిపేవాళ్లకు ఇండికేటర్ కుడిచేతి వైపు ఉంటుంది. ఈ యూరప్ కార్లన్నిటిలో ఎడమచేతి వైపు. ఎక్స్1, క్యూ3లలో పొరపాటున కుడి లివర్ కదిలిస్తే వైపర్ తిరుగుతుంది, అంతే. జీఎల్ఏలో స్టీరింగ్ కుడివైపు లివరే గేరు! కిందికి తోస్తే డ్రైవ్, పైకి తోస్తే రివర్స్, చివర నొక్కితే పార్కింగ్. కారు పరుగులో ఉండగా ఎడమకు ఇండికేటర్ వేద్దామని అలవాటుగా పైకి తోస్తే కారు న్యూట్రల్‌లోకి జారవచ్చు. అందుకే షోరూమ్ ఆవరణలోనే నాలుగైదుసార్లు గేరు మార్చి, ఇండికేటర్ వేసి చూసుకోండి. ఇంట్లో ఇంకో కారు కూడా ఉండి, రెండూ మార్చి మార్చి నడిపేవాళ్లయితే ఇది రోజూ ఉండే విషయం.

సేల్స్ ఎగ్జిక్యూటివ్ స్పోర్ట్ మోడ్‌లో పెడితే మామూలు మోడ్‌కు మార్చండి. పాటలు ఆపండి. ఏసీ ఫ్యాన్ ఒకటిలో ఉంచండి. "కాసేపు మాట్లాడకుండా నడుపుతానండీ, తర్వాత అడుగుతాను" అని మర్యాదగా చెప్పండి, వాళ్లు ఏమీ అనుకోరు.

స్టెప్ 6: ట్రాఫిక్‌లో పాకడం

ఈ గైడ్‌లో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. ఎక్స్1, జీఎల్ఏ, క్యూ3 మూడింటిలోనూ ఉండేది డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. ఇందులో బేసి గేర్లకు ఒక క్లచ్, సరి గేర్లకు ఇంకో క్లచ్. ఒక గేరులో నడుస్తుండగానే పక్క గేరు సిద్ధంగా ఉంటుంది కాబట్టి పరుగులో గేరు మారడం తెలియను కూడా తెలియదు. ఇబ్బంది ఎక్కడంటే, ఐదు కిలోమీటర్ల వేగంతో కదిలి, ఆగి, మళ్లీ కదిలేటప్పుడు. మామూలు ఆటోమేటిక్‌లో ఇంజన్‌కూ గేర్లకూ మధ్య ద్రవం ఉంటుంది, కుదుపును అది మింగేస్తుంది. ఇక్కడ క్లచ్ పలకలు కొద్దిగా జారుతూ, పట్టుకుంటూ ఆ పని చేయాలి. కొన్ని కార్లు చక్కగా చేస్తాయి, కొన్ని తడబడతాయి.

దీన్ని పరీక్షించడానికి హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నరకు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఎత్తు ఎక్కండి, లేదా బంజారాహిల్స్ రోడ్ల మీద ఎత్తులో ట్రాఫిక్‌లో ఇరుక్కోండి. బ్రేక్ వదిలి, ఆక్సిలరేటర్ తొక్కకుండా కారు దానంతటది ఎలా కదులుతుందో చూడండి. ఆగిన వెంటనే మళ్లీ కదలాల్సి వస్తే తల ముందుకూ వెనక్కూ ఊగుతోందా? ఎత్తులో ఆగి కదిలేటప్పుడు వెనక్కి జారుతోందా? బ్రేకును పట్టి ఉంచే ఆటో హోల్డ్ వేసి ఒకసారి, తీసేసి ఒకసారి చూడండి. ఇంజన్ తనంతట తాను ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే ఏర్పాటు కదలిక ఆలస్యం చేస్తోందా? వెనక కూర్చున్న వాళ్లను "కడుపులో తిప్పుతోందా?" అని అడగండి. నడిపేవాళ్లకు తెలియని కుదుపు వెనకవాళ్లకు తెలుస్తుంది.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ మీద అరచెయ్యి ఆనించండి. ఎక్స్1 పెట్రోల్‌లో 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజన్ ఉంది, 136 హార్స్‌పవర్. "ఇంత పెట్టి మూడు సిలిండర్లా?" అని చాలామంది అడుగుతారు. అంకె చూసి వద్దనుకోకండి, చేతితో చూడండి. ఆ అదురు మీకు ఇబ్బందిగా లేకపోతే ఆ విషయం అక్కడితో అయిపోయింది. క్యూ3లో 2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్, 190 హార్స్‌పవర్. ఆ తేడా సిగ్నల్ దగ్గర కంటే హైవే మీద ఎక్కువగా తెలుస్తుంది.

స్టెప్ 7: గుంతలు, స్పీడ్ బ్రేకర్లు, సెల్లార్

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో మెల్లగా లేచి మెల్లగా దిగాలి. మన కాలనీల్లో ఉండేవి వేరే. అడుగున్నర వెడల్పులో గోడలా లేస్తాయి. మీ వీధిలో ఉన్న అలాంటి దాని మీదుగానే, నలుగురు ఎక్కాక దాటించండి. డ్రైవర్ ఒక్కడే ఉన్నప్పుడు కారు ఎత్తుగానే ఉంటుంది, వెనక ముగ్గురు, డిక్కీలో సామాను పడితే కిందికి కుంగుతుంది. బ్రోచర్‌లో రాసిన గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ కారు అడుగుకూ మధ్య ఖాళీ) అంకె ఈ పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు.

సెల్లార్ ర్యాంప్‌కు తప్పకుండా తీసుకెళ్లండి. రెండు చోట్ల తగులుతుంది: దిగడం మొదలుపెట్టే అంచు దగ్గర కారు నడుము, దిగాక నేల సమంగా మారే చోట ముందు బంపర్ కింది పెదవి. ఒకరిని బయట నిలబెట్టి ఎంత ఖాళీ ఉందో చూడమనండి. మీ పార్కింగ్ చోటులో పెట్టి డోరు తీసి చూడండి. స్తంభం పక్కన అయితే లావుపాటి జాకెట్ వేసుకున్న మనిషి దిగగలడా? అక్కడే రివర్స్ కెమెరా కూడా చూసేయండి.

పాడైన రోడ్డు మీద 20, 40, 60 వేగాల్లో వెళ్లండి. లగ్జరీ కార్లు అరవైలో బాగుంటాయి. ఇరవైలో చిన్న చిన్న గతుకులు నడుముకు ఎలా తగులుతున్నాయన్నదే మన నగరాల్లో ముఖ్యం. ఈసారి మీరు వెనక కూర్చుని ఇంకొకరితో నడిపించండి. వెనక సీటు దాదాపు చక్రాల దగ్గరే ఉంటుంది, దెబ్బంతా అక్కడే. గుంత దాటాక కారు ఒక్కసారి కదిలి నిలబడాలి. రెండు మూడుసార్లు ఊగుతూ ఉంటే ఘాట్ రోడ్డులో పిల్లలకు వాంతులవుతాయి.

విశాఖపట్నం వాళ్లకు ఈ సౌకర్యం ఊళ్లోనే ఉంది: సింహాచలం ఘాట్ ఎక్కి దిగితే పికప్, మలుపుల్లో పట్టు, దిగేటప్పుడు బ్రేకులు అన్నీ తేలిపోతాయి. విజయవాడలో ఇంద్రకీలాద్రి ఘాట్ ఉన్నా దర్శనం రద్దీలో టెస్ట్ డ్రైవ్ పెట్టుకోవద్దు. హైదరాబాద్‌లో యూటర్న్ పరీక్షకు మెట్రో పిల్లర్ల కింద రోడ్లు చాలు. ఒక్క తిప్పులో తిరుగుతుందా, రివర్స్ వేయాలా చూడండి.

స్టెప్ 8: హైవే

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. మొదటి రెండు లేన్లలో గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు, 2023లో వంద నుంచి పెంచారు. ఒక ఎగ్జిట్ నుంచి తర్వాతి ఎగ్జిట్ దాకా వెళ్తే చాలు. నూటపదిలో వెనక సీట్లోని వాళ్లతో గొంతు పెంచకుండా మాట్లాడగలుగుతున్నారా? టైర్ల హోరు ఎంత? కాంక్రీటు రోడ్డు మీద, తారు రోడ్డు మీద తేడా ఉంటుంది, రెండూ చూడండి.

పికప్ అంటే సున్నా నుంచి వంద కాదు. ఊరికెళ్లే రెండు లేన్ల రోడ్డులో లారీని దాటడానికి కావాల్సింది 50 నుంచి 90. ఖాళీ చోట 50లో నడుపుతూ ఒక్కసారి పూర్తిగా తొక్కండి. తొక్కినప్పటికీ కారు ముందుకు ఉరికినప్పటికీ మధ్య ఎంత సేపు పట్టింది? ఆ క్షణమే ఓవర్‌టేక్‌లో మిమ్మల్ని కాపాడేది. నలుగురితో, ఏసీ వేసి చేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

బ్రేక్ పరీక్షకు పక్కన ఉన్న ఎగ్జిక్యూటివ్‌కు ముందే చెప్పి, వెనక ఎవరూ లేని సర్వీసు రోడ్డులో అరవై నుంచి గట్టిగా తొక్కండి. తిన్నగా ఆగాలి.

కారును లేన్‌లోనే ఉంచే లేన్ అసిస్ట్, ఆటోమేటిక్ బ్రేకింగ్ లాంటివి ఉంటే అవి వేసి కొంత, ఆపి కొంత నడపండి. మన లేన్ల మధ్యలోంచి బైకు దూరినప్పుడు కారు ఉలిక్కిపడి బ్రేక్ వేస్తే వెనక వచ్చేవాడు గుద్దుతాడు. వీటిని ఎలా ఆపాలో, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు వాటంతటవే వస్తాయా అన్నది అక్కడే అడిగి తెలుసుకోండి.

స్టెప్ 9: ఎండలో ఒకసారి, రాత్రి ఒకసారి

వేసవిలో కొంటుంటే మధ్యాహ్నం కారును అరగంట ఎండలో పెట్టించండి. తర్వాత ఏసీ వేసి వెనక సీటు చల్లబడటానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడండి. పైన పెద్ద అద్దం ఉన్న కార్లలో తెర వేసినా నడినెత్తిన వేడి తెలుస్తుంది. అద్దం ముచ్చటగా ఉంటుంది, కానీ ఆ నిమిషాల లెక్క కూడా చూసుకోవాలి.

రాత్రి టెస్ట్ డ్రైవ్ ఇరవై నిమిషాలు చాలు. వీధి దీపాలు లేని రోడ్డులో డిప్‌లో ఎంత దూరం కనిపిస్తోంది, స్క్రీన్ వెలుతురు ముందు అద్దంలో పడుతోందా, రివర్స్ కెమెరా చీకట్లో చూపిస్తోందా. అంతే.

స్టెప్ 10: ఎలక్ట్రిక్ అయితే ఇంకొన్ని

2025 జనవరిలో బీఎండబ్ల్యూ పొడవు పెంచిన ఐఎక్స్1ను 49 లక్షల ఎక్స్-షోరూమ్ ధరతో తెచ్చాక ఈ తరగతిలో చాలామంది అటే చూస్తున్నారు. పైగా తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. పైన చెప్పిన లైఫ్ ట్యాక్స్ మిగిలినట్టే.

ఐఎక్స్1 బ్యాటరీ 66.4 యూనిట్లు, కంపెనీ చెప్పే రేంజ్ (ఒక్క ఛార్జింగ్‌తో వెళ్లే దూరం) 531 కిలోమీటర్లు. మీరు మీ లెక్క వేసుకోండి. బయల్దేరేటప్పుడు ట్రిప్ మీటర్ సున్నా చేసి, హైవే మీద నూరులో ఇరవై కిలోమీటర్లయినా నడిపి, వంద కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు చూపిస్తోందో రాసుకోండి. 18 చూపిస్తే, నిండు బ్యాటరీ నుంచి 20 శాతం మిగిలే దాకా వాడుకునే 53 యూనిట్లతో సుమారు 290 కిలోమీటర్లు వస్తాయి. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275. చేరతారు, కానీ తిరుగు ప్రయాణానికి అక్కడ ఛార్జింగ్ చూసుకోవాలి. ఈ లెక్క చేతిలో ఉంటే దారిలో టెన్షన్ ఉండదు.

బ్యాటరీ నేల కింద ఉంటుంది కాబట్టి వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లు పైకి లేచే అవకాశం ఎక్కువ. నాలుగో స్టెప్‌లో చెప్పిన పరీక్ష ఇక్కడ ఇంకా శ్రద్ధగా చేయండి. ఆక్సిలరేటర్ వదలగానే కారు తనంతట తాను ఆగే తీరు అన్ని స్థాయిల్లోనూ చూడండి, వెనకవాళ్లకు తల తిరిగేది దీనివల్లే. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నుంచి మీ పార్కింగ్‌లో ఛార్జర్ పెట్టుకోవడానికి అనుమతి కాగితం మీద వచ్చాకే బుక్ చేయండి. నోటి మాట మీద ఆధారపడి ఇబ్బంది పడ్డవాళ్లను చూశాను.

స్టెప్ 11: దిగాక

షోరూమ్‌లోకి వెళ్లి కూర్చోకముందే కారు పక్కన నిలబడి ఫోన్‌లో ఐదు నిమిషాలు వాయిస్ రికార్డ్ చేయండి. నచ్చింది, నచ్చనిది, వెనకవాళ్లు అన్న మాటలు. రెండో కారు నడిపాక మొదటిది గుర్తుండదు. ఆ తర్వాత ధరల కాగితం అడగండి: ఎక్స్-షోరూమ్, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, టీసీఎస్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, సర్వీస్ ప్యాకేజీ వేర్వేరు వరసల్లో ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ తరగతి పెట్రోల్, డీజిల్ కార్లకు సెస్ పోయి జీఎస్టీ 40 శాతం, ఎలక్ట్రిక్‌కు 5 శాతం. పాత ధరల జాబితా చూపిస్తే ఒప్పుకోకండి. ఇన్సూరెన్స్ బయట తీసుకుంటే ఎంతో కనుక్కున్నాకే వాళ్లది ఒప్పుకోండి.

ఆ రోజు మాత్రం సంతకం వద్దు. "ఈ ఆఫర్ ఇవాళ్టి వరకే" అంటారు. "ఇంట్లో మాట్లాడి చెప్తాం" అనడానికి మొహమాటపడకండి. కనీసం ఇంకో కారు అదే దారిలో, అదే మనుషులతో నడపండి. ఇదే ధరలో స్కోడా కోడియాక్, ఫోక్స్‌వాగన్ టిగువాన్ ఆర్-లైన్ లాంటివీ ఉన్నాయి, బ్యాడ్జీ పట్టింపు లేనివాళ్లు వాటినీ చూడాలి.

నిర్ణయించుకుని బుక్ చేశాక ఇంకో చిన్న పని మిగిలింది. మీకు కేటాయించిన కారును రిజిస్ట్రేషన్‌కు ముందే యార్డులో చూపించమనండి. ఛాసిస్ నంబర్ బుకింగ్ కాగితంలోని దానితో సరిపోవాలి, తయారైన నెల అడగాలి, ఓడోమీటర్ అంకె ఫొటో తీసుకోవాలి. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 2225 అంటే 2025లో 22వ వారం. నాలుగు టైర్లూ, స్టెప్నీ ఉంటే అదీ చూడండి. పగటి వెలుతురులో రంగు తేడాలు, గీతలు చూడండి. అన్నీ సరిగా ఉన్నాయని తేలాకే మిగతా డబ్బు పంపండి.